కుడి అంచున సముద్రం

మంగళవారం మధ్యాహ్నం మూడున్నరకి నల్లటి తెర మీద మళ్ళీ ఆ ఒక్క మాటే పడింది. కిల్డ్.

ఎవరు చంపారో లేదు, ఎందుకు చంపారో లేదు. రెండు గంటలసేపు వరస మీద వరసగా అంకెలు పోసుకుంటూ వచ్చిన ప్రోగ్రాము, నూట పన్నెండో మెట్టు దాటగానే ఆ మాట అనేసి ఊరుకుంది. కింద కర్సరు మాత్రం ఏమీ ఎరగనట్టు కొట్టుకుంటోంది. సారిక రెండు అరచేతులూ మొహం మీద పెట్టుకుని వేళ్ళ సందుల్లోంచి దాన్ని చూసింది. నిన్న రెండుసార్లు, ఇవాళ ఇది మూడోసారి. ప్రతిసారీ నూట పన్నెండే.

భూమి లోపల ఉప్పునీరు ఎటునుంచి ఎటు పాకుతుందో లెక్కగట్టే ప్రోగ్రాము అది. ఏ దేశపు శాస్త్రవేత్తలో రాసి ఊరికే లోకం మీద పెట్టారు, ఎవరైనా వాడుకోవచ్చు. కాకపోతే అది లైనక్స్‌లోనే బతుకుతుంది. కాలేజీ వాళ్ళు సారికకి ఇచ్చిన లాప్‌టాప్‌లో ఉన్నది విండోస్. అందుకని విండోస్ లోపల ఓ చిన్న లైనక్స్‌ని కాపురం పెట్టాలి. అద్దె ఇంట్లో ఓ మూల గది తీసుకుని వంట చేసుకోవడం లాంటిదే. ఇంటివాడు నీళ్ళు ఆపేస్తే వంట ఆగిపోతుంది. ఈ గది సంపాదించడానికే సారికకి మూడు సంతకాలు, ఒక దరఖాస్తు, మూడు వారాలు పట్టాయి. ఆమె భీమవరం దగ్గర ఓ ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో, సివిల్ డిపార్ట్‌మెంటులో, కాంట్రాక్టు మీద పనిచేసే ల్యాబ్ అసిస్టెంటు. కాంట్రాక్టు వాళ్ళ దరఖాస్తు అన్ని బల్లల మీదా అడుగునే ఉంటుంది.

ఫోను మోగింది. మాణిక్యాంబ.

"బతికిందా అమ్మాయ్?"

"చచ్చిందండి."

"మళ్ళీనా. తెగులొచ్చిన కోళ్ళు నయమే, ఒక్కసారే చస్తాయి."

మాణిక్యాంబది మొగల్తూరు దాటాక సముద్రపొడ్డునున్న గుల్లలపాలెం. ఆ ఊళ్ళో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే. ఊరవతల ఇసకదిబ్బ మీద ఒక్కచోటే తియ్యనీళ్ళు పడతాయి. ఆ బోరు పక్కనే మాణిక్యాంబ ఇడ్లీ బడ్డీ. రెండేళ్ళ కిందట సారిక సీసాలు పట్టుకుని నీళ్ళ నమూనాల కోసం ఊరంతా తిరిగితే, ఎండలో వెనకే వచ్చి సీసాల మీద నంబర్లు అంటించింది ఆవిడే. ఇప్పుడు ఆ దిబ్బని ఆనుకుని అరవై ఎకరాల్లో రొయ్యల చెరువులు తవ్వుతామని అర్జీ పడింది. ఆ చెరువుల ఉప్పు దిబ్బ కిందికి పాకుతుందా లేదా అన్నదే సారిక లెక్క. శనివారం ఊళ్ళో విచారణ.

"విచారణ కాయితం మళ్ళీ చదివించానమ్మా," అంది మాణిక్యాంబ. "శాస్త్రీయ నివేదిక జతచేయని అభ్యంతరాలు పరిశీలించబడవు అనుందంట. అంటే మేం నోటితో చెప్తే చెల్లదు. కంప్యూటరు చెప్తేనే చెల్లుద్ది. అదేమో చస్తంది."

"శనివారం లోపల అయిపోద్దండి."

"నువ్వు నిన్నా ఇదే అన్నావు. సరే, మజ్జిగన్నా తాగు. గొంతు పిడచకట్టుకుపోయినట్టుంది."

ఫోను పెట్టేసి సారిక మళ్ళీ మొదటికొచ్చింది. తను రాసిన ఫైల్లో తప్పుందేమో చూద్దామని విండోస్ నోట్‌ప్యాడ్‌లో తెరిచి రెండు అంకెలు దిద్దింది. ఇక ప్రోగ్రాము అసలు మొదలే కాలేదు. గంట కొట్టుకున్నాక తెలిసిందేంటంటే, నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేసరికి ఫైల్లో ప్రతి వరస చివరా కంటికి కనపడని ఓ గుర్తు వచ్చి కూచుంటోంది. ఇటు విండోస్‌కి అది వరస ముగింపు, అటు లైనక్స్‌కి చెత్త. వందల వరసల్లో ఆ చెత్త ఊడ్చింది.

ఊడ్చాక ప్రోగ్రాము బాగానే ఉందో లేదో చూసుకోడానికి ఓ పద్ధతుంది. దానితోపాటే ఒక పరీక్ష లెక్క వస్తుంది. ఏ ఊరిదీ కాని ఓ ఉత్తుత్తి నేల. పటంలో ఎడమవైపు పైమూల కొరికిన అప్పడంలా ఖాళీ, కుడి అంచు పొడుగునా సముద్రం, మధ్యలో పన్నెండు బావులు, ఏడో బావి చుట్టూ ఎర్రటి మచ్చ. నలభై సెకన్లలో అయిపోతుంది. అందరికీ ఒకే జవాబు రావాలి. వస్తే ప్రోగ్రాము ఆరోగ్యంగా ఉన్నట్టు.

వచ్చింది. ఏడో బావి దగ్గర ఉప్పు 1846.37. ఈ వారం రోజుల్లో ఆ అంకెని యాభైసార్లు చూసి ఉంటుంది సారిక. ఆ పన్నెండు బావుల అంకెలూ ఎక్కాల్లా నోటికొచ్చేశాయి. గుల్లలపాలెం మాత్రం రాలేదు.

బుధవారం నాటికి చావు కారణం దొరికింది. మెమరీ చాలటం లేదు. లాప్‌టాప్‌లో ఉన్నదే ఎనిమిది జీబీ, అందులో విండోస్ తన అద్దెగదికిచ్చేది సగం. సారిక ఆ వాటా ఏడుకి పెంచి మొదలుపెట్టింది. నూట పన్నెండు దాటింది. నూట ఇరవై, నూట నలభై. ఆమె గోళ్ళు కొరుక్కోవడం మానేసి టీ తెచ్చుకుందామని లేచింది. కప్పుతో తిరిగొచ్చేసరికి తెర నీలంగా ఉంది. అప్‌డేట్లు వేస్తున్నాం, దయచేసి ఆపివేయకండి, ఇరవైమూడు శాతం.

టీ అక్కడే పెట్టి సిస్టమ్స్ గదికి నడిచింది. కాలేజీ కంప్యూటర్ల తాళంచెవులన్నీ ప్రసన్నకుమార్ దగ్గరుంటాయి. ఆయన ఓ పాత కీబోర్డుని తిరగేసి బల్లకేసి కొడుతున్నాడు. అందులోంచి జంతికముక్కలు రాలుతున్నాయి.

"అప్‌డేట్లు శనివారం దాకా ఆపాలండి. మీ పాస్‌వర్డ్ కావాలి."

"సర్క్యులర్ ఉంది కదా మేడం. అప్‌డేట్లు ఆపకూడదని."

"నడిమధ్యలో రీస్టార్ట్ అయిపోతోందండి. మూడు గంటల లెక్క పోయింది."

"సేవ్ చేసుకోవాలి మేడం మధ్యమధ్యలో."

"అది వర్డ్ ఫైలు కాదండి."

ప్రసన్నకుమార్ కీబోర్డు కింద పెట్టాడు. మంచివాడే. కానీ మంచితనానికి కూడా సర్క్యులర్ కావాలి ఆయనకి. "చూడండి, ఆపమని హెచ్‌వోడీ గారు ఒక్క ముక్క రాసిస్తే నిమిషంలో ఆపేస్తాను. అయినా దీంతో ఎందుకండి కుస్తీ? సార్ గదిలో పెద్ద మిషనుంది కదా. అరవైనాలుగు జీబీ. మీ లెక్క దానికి ఉప్మాలో జీడిపప్పు."

"దాన్లో లైనక్స్ ఉండేది కదండి. తీసేసి విండోస్ వేసిందెవరు?"

ఆయన జంతికముక్కలు ఏరడంలో పడ్డాడు. "సారు చెప్పారు, వేశాం."

గురువారం పొద్దున సారిక హెచ్‌వోడీ గోపాలకృష్ణమూర్తి గారి గది ముందు నలభై నిమిషాలు నిలబడింది. లోపలికి పిలిచేసరికి ఏసీ చల్లదనం మొహాన కొట్టింది. ఆ ఏసీ ఆయన కోసం కాదు, కాయితాల మీద అది మిషను కోసమే. మిషను మూల బల్ల మీద మెరూన్ రంగు ముఖమల్ గుడ్డ కప్పుకుని ఉంది. గుడ్డ అంచు పైకి లేచినచోట దసరాకి పెట్టిన కుంకంబొట్టు కనిపిస్తోంది. ముందు అగరొత్తి నుసి. పరిశోధన కోసమని గ్రాంటు రాయించుకుని తెచ్చిన మిషను. రెండేళ్ళలో అది చేసిన పరిశోధనల్లా పిల్లల హాజరు పట్టీ. అది కూడా నల్లతెర మీద హాజరు పట్టీ ఎక్కడుందో సారుకి కనపడక, లైనక్స్ మొత్తం తుడిపించి విండోస్ వేయించాక.

"శనివారం దాకా ఇవ్వండి సార్. పక్కనే కొంచెం చోటు చేసుకుని లైనక్స్ వేసుకుంటాను. మీ ఫైళ్ళు ముట్టుకోను."

"అమ్మా సారికా, దాన్ని ఇన్‌స్పెక్షన్ టీముకి చూపించాలి. ఇప్పుడు కదిపి ఏదన్నా అయితే ఎవరమ్మా జవాబు చెప్పేది?"

"ఇన్‌స్పెక్షన్ ఎప్పుడండి?"

"వచ్చే ఏడాది."

సారిక మిషను మీది గుడ్డ వంక చూసింది. గోపాలకృష్ణమూర్తి గారు కళ్ళజోడు తీసి, పంచెతో తుడుచుకునే అలవాటు ప్యాంటు మీద కూడా మానలేక, చొక్కా అంచుతో తుడిచారు.

"అయినా నువ్వు అనవసరంగా తలదూరుస్తున్నావమ్మా. మన దగ్గర చదివే పిల్లల్లో సగం మంది చెరువుల మీద బతికే ఇళ్ళవాళ్ళే. నీ కాంట్రాక్టు జూన్‌లో రెన్యూవల్. నేను చెప్పాల్సింది చెప్పాను."

"అప్‌డేట్లు ఆపమని ఒక్క ముక్కన్నా రాసివ్వండి సార్."

"సోమవారం చూద్దాం."

బయటికొచ్చి ఆమె కారిడార్లో గోడకి చెయ్యి ఆనించి నిలబడింది. అరవైనాలుగు జీబీ ముసుగేసుకుని అగరొత్తి ధూపం పీలుస్తోంది. ఎనిమిది జీబీ ఊపిరాడక చస్తోంది. ఈ దేశంలో ఏ వస్తువైనా ఇంతే. పనికి కొంటారు, పూజకి వాడతారు.

గురువారం రాత్రి మళ్ళీ నడిపితే ఏడు జీబీ కూడా చాలక మధ్యలోనే చచ్చింది. శుక్రవారం ఇంకో దారి తొక్కింది. ప్రోగ్రాము నేలని చదరంగం బల్లలా గళ్ళు గళ్ళుగా కోసి లెక్కగడుతుంది. సారిక గడి యాభై మీటర్లు పెట్టింది, అందుకే అన్ని గళ్ళు, అంత మెమరీ. గడిని అరకిలోమీటరు చేసి వదిలింది. పదినిమిషాల్లో లెక్క పూర్తయింది. కిల్డ్ లేదు, నీలంతెర లేదు. చక్కటి రంగుల పటం వచ్చింది. సారిక దాన్లో దిబ్బ కోసం వెతికింది. లేదు. దిబ్బ అడ్డకొలత రెండొందల మీటర్లు. అరకిలోమీటరు గడి దాన్ని మింగేసింది. ప్రోగ్రాము బతికింది, దిబ్బ చచ్చింది.

సాయంత్రం నాలుగింటికి ఫోను.

"బతికిందా?"

"బతికిందండి. కానీ అందులో మీ దిబ్బ లేదు."

"దిబ్బ లేదేంటి. పొద్దున్న దాని మీదే ఇడ్లీలు దింపాను."

సారిక చెప్పింది. మాణిక్యాంబ అంతా వింది. వెనక ఎవరో బిందె కడుగుతున్న చప్పుడు.

"అమ్మాయ్, ఒక మాటంటాను తప్పుగా అనుకోకు. రంగులున్నాయి కదా. కంప్యూటర్లోంచే వచ్చింది కదా. అదే ప్రింటు తియ్యి. దిబ్బ ఉన్నచోట పెన్నుతో ఓ సున్నా చుట్టు. వాళ్ళేం కనిపెడతారు?"

సారిక చెయ్యి మౌస్ మీదే ఉంది. ప్రింటరు పక్కగదిలో. ఒక్క నొక్కుడు. సున్నా చుట్టడానికి పెన్ను కూడా అక్కర్లేదు.

"లెక్కలో లేని దిబ్బకి నేను సున్నా చుడితే, రేపు వాళ్ళు ఉన్న దిబ్బని లేదని కొట్టేస్తారండి. అప్పుడు నేను ఏ మొహం పెట్టుకుని అడగను?"

"మరి రేప్పొద్దున చేతులూపుకుంటూ వస్తావా?"

"వస్తానండి."

"రా. ఇడ్లీలన్నా తిందువుగాని," అని మాణిక్యాంబ ఫోను పెట్టేసింది. గొంతులో కోపముంది. ఉండాల్సిందే. పదకొండు రోజులు ఆశపెట్టింది సారికే.

శనివారం గుల్లలపాలెం బళ్ళో షామియానా వేశారు. నాలుగు కుర్చీలు ముందు, రెండు పెద్ద ఫ్యాన్లు ఆ నాలుగు కుర్చీలకే తిప్పి పెట్టారు. ఊరు వెనక చాపల మీద కూచుంది. విచారణకొచ్చిన అధికారిణి జానకీదేవి గారు ఫైలు ముందేసుకుని గడియారం చూసుకుంటున్నారు. సారిక లాప్‌టాప్ సంచి ఒళ్ళో పెట్టుకుని మాణిక్యాంబ పక్కన కూచుంది. సంచిలో రెండేళ్ళనాటి నీళ్ళ నమూనాల నోటుపుస్తకం తప్ప కాయితం ముక్క లేదు.

చెరువుల వాళ్ళ తరఫున కన్సల్టెంటు వచ్చాడు. ఉదయభాస్కర్ అని మెడలో కార్డు. ఆ ఎండలో కోటు. మనిషి ఎత్తు ఫ్లెక్సీ ఒకటి నిలబెట్టి, చేతికర్ర తీశాడు.

"అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం కంప్యూటర్ మోడలింగ్ చేశామండి. పరిసరాల్లో పన్నెండు బోర్లు తీసుకున్నాం. తూర్పున సముద్రం, ఇదిగో. చెరువులు తవ్వాక ఇరవై ఏళ్ళకి కూడా నీటి నాణ్యతలో చెప్పుకోదగ్గ తేడా రాదని తేలింది. అంతా ఆకుపచ్చ జోనే. పట్టికలన్నీ మేడం గారికిచ్చిన నివేదికలో మూడో అనుబంధంలో ఉన్నాయి."

సారిక ఫ్లెక్సీ వంక చూసింది. ఎడమవైపు పైమూల కొరికిన అప్పడం. కుడి అంచు పొడుగునా సముద్రం. పన్నెండు బావులు.

మొదట తన కళ్ళే చెడ్డాయనుకుంది. పదకొండు రోజులు అదే బొమ్మ చూస్తే ఎక్కడ చూసినా అదే కనపడుతుంది మరి. కళ్ళు మూసి తెరిచింది. అప్పడం అక్కడే ఉంది. ఏడో బావి చుట్టూ ఎర్రమచ్చ ఉండాల్సిన చోట అంతే మచ్చ, అదే వంపు, ఆకుపచ్చ రంగులో ఉంది. పక్కన ఉత్తరం బాణమొకటి అతికించారు.

"అభ్యంతరాలుంటే చెప్పండి. నివేదికలున్నవాళ్ళు మాత్రమే," అన్నారు జానకీదేవి గారు.

మాణిక్యాంబ సారిక మోచెయ్యి గిల్లింది. సారిక లేచింది.

"నా దగ్గర నివేదిక లేదండి. ఆయన నివేదిక గురించి ఒక మాట చెప్పాలి."

"మీరు చదివారా దాన్ని?"

"లేదండి. అది మీ దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు కదండి. మూడో అనుబంధం తియ్యండి. పన్నెండు బోర్ల పట్టిక ఉండాలి. నేను చదువుతాను, మీరు సరిచూడండి."

ఉదయభాస్కర్ నవ్వాడు. జానకీదేవి గారు నవ్వలేదు. పేజీలు తిప్పి వేలు పెట్టారు.

"మొదటిది రెండొందల పన్నెండు పాయింట్ నాలుగు సున్నా. రెండోది రెండొందల పదిహేను పాయింట్ ఒకటి ఎనిమిది. మూడోది రెండొందల ముప్పై పాయింట్ సున్నా ఆరు."

అధికారిణి వేలు పట్టిక మీద మెల్లగా కిందికి దిగుతోంది. ఆరో అంకె దగ్గరికొచ్చేసరికి చాపల మీద గుసగుసలు ఆగిపోయాయి.

"ఏడోది పద్దెనిమిది వందల నలభైయారు పాయింట్ మూడు ఏడు."

జానకీదేవి గారు తలెత్తారు. "ఇక్కడ నూట ఎనభైనాలుగు పాయింట్ ఆరు మూడు ఏడు ఉంది."

"చుక్క ఒక స్థానం ఎడమకి జరిపారండి. అంకెలు చూడండి, అవే వరసలో ఉంటాయి."

ఆవిడ చూశారు. చాలాసేపు చూశారు. "మీకిదెలా తెలుసు?"

"ప్రోగ్రాముతోపాటు ఊరికే వచ్చే పరీక్ష లెక్కండి అది. అది ఏ ఊరూ కాదు. పనిచేస్తోందో లేదో చూసుకోడానికి పెడతారు. చూపిస్తాను."

లాప్‌టాప్ తెరిచింది. తెర నీలంగా లేచింది. అప్‌డేట్లు వేస్తున్నాం, దయచేసి ఆపివేయకండి. ఊరూ, అధికారిణీ, కోటాయనా, అందరూ శాతాలు చూస్తూ కూచున్నారు. డెబ్బై. డెబ్బై ఒకటి. సారిక పళ్ళు నూరుకుంది.

ఆ ఖాళీలో ఉదయభాస్కర్ గొంతు సవరించుకున్నాడు. "మేడం, మోడల్ పోలికలు సహజమండి. తీరప్రాంతాలన్నీ ఒకేలా..."

"బాబూ, ఓ మాట," మాణిక్యాంబ కూచునే అంది. "ఆ బొమ్మలో సముద్రం ఎటుంది?"

"తూర్పునమ్మా."

"మాకు సముద్రం దక్షిణాన. పుట్టిన కాణ్ణుంచీ సముద్రం వైపు తలపెట్టి పడుకుంటన్నాం. తమరు ఎప్పుడన్నా మా ఊరొచ్చారా?"

చాపల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. ఉదయభాస్కర్ చేతికర్ర ఫ్లెక్సీ మీదే ఆగిపోయింది. ఆంధ్రాలో సముద్రం తూర్పునే ఉంటుందని ఒకటో తరగతిలో చదువుకున్నవాడు. పట్నంలో కూచున్నవాడికి తీరం ఇక్కడ మెలి తిరిగిందని ఎవరు చెప్తారు? జానకీదేవి గారు కుర్చీ వెనక్కి జరిపారు. లేచి షామియానా అంచుకి నడిచి బయటికి చూశారు. మిట్టమధ్యాహ్నం కావొస్తోంది. తాటితోపు వెనక నీలంగా, బడి దక్షిణపు గోడకి ఎదురుగా, సముద్రం ఉంది.

తిరిగొచ్చేసరికి లాప్‌టాప్ తయారుగా ఉంది. నలభై సెకన్లు. అప్పడం, పన్నెండు బావులు, ఎర్రమచ్చ. ఆవిడ తెరనీ ఫ్లెక్సీనీ మార్చి మార్చి చూసి, నివేదిక మూసి పక్కన పెట్టారు.

"మీ లెక్క ఏదమ్మా మరి?"

"పూర్తి కాలేదండి. ఈ మిషనుకి మెమరీ చాలదు. మా కాలేజీలో చాలే మిషనుంది. దాని మీద గుడ్డ కప్పి ఉంచారు. అడిగితే ఇవ్వలేదు."

చెప్పేశాక జూన్ గుర్తొచ్చింది. గుర్తొచ్చినా వెనక్కి తీసుకోలేదు. జానకీదేవి గారు కాలేజీ పేరడిగి రాసుకున్నారు. విచారణ నెల్లాళ్ళు వాయిదా అన్నారు, ఈలోపు దిబ్బ దగ్గర గునపం పడకూడదన్నారు. మీ ప్రిన్సిపాలుకి ఇవాళే ఉత్తరం పోతుంది అన్నారు.

బడ్డీ దగ్గర మాణిక్యాంబ ఇడ్లీ ప్లేటు చేతికిచ్చింది. నీళ్ళ గ్లాసు పక్కన పెట్టింది.

"నెల్లాళ్ళలో నీ లెక్క మా వైపే వస్తదా?"

"తెలీదండి. వచ్చింది వచ్చినట్టు చెప్తాను. మీకు నచ్చకపోయినా."

మాణిక్యాంబ చట్నీ వేస్తూ ఆగింది. నిన్న సున్నా చుట్టమన్నది గుర్తొచ్చినట్టుంది. "చెప్పు. అబద్ధం చెప్పాలంటే కోటు కావాలి, నీకు లేదుగా."

సోమవారం పదిగంటలకి గోపాలకృష్ణమూర్తి గారే కబురుపెట్టారు. బల్ల మీద రెండు కాయితాలున్నాయి. ఒకటి సారికకి మెమో. కాలేజీ లాప్‌టాప్ గేట్ పాస్ లేకుండా బయటికి తీసుకెళ్ళినందుకు సంజాయిషీ. రెండోది మిషను ఇవ్వమని జానకీదేవి గారు రాస్తే ప్రిన్సిపాలు గారు పంపిన ఉత్తరం, మీద ఎర్రసిరాతో 'వెంటనే' అని ఉంది.

"ముందు దీనిమీద సంతకం పెట్టు," అన్నారు మెమో చూపించి. పెట్టింది. "ఆ మిషనులో ఏదో లైనక్స్ ఉండేది కదమ్మా. అది మళ్ళీ వెయ్యాలంటే ఎవర్ని పిలవాలి?"

"ఎవర్నీ పిలవక్కర్లేదండి."

ముఖమల్ గుడ్డ తీసి దులిపింది. దుమ్ము లేచి సారుకి దగ్గొచ్చింది. హాజరు పట్టీలన్నీ ఓ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఆయన చేతిలో పెట్టింది. మధ్యాహ్నానికి నల్లతెర వచ్చింది. ముందు పరీక్ష లెక్క నడిపింది. సముద్రం కుడి అంచున. సరే. తర్వాత తన ఫైలు తెరిచింది. సముద్రం కింది అంచున. గడి యాభై మీటర్లు. మీట నొక్కింది.

నూటపది. నూట పదకొండు. నూట పన్నెండు. సారిక కుర్చీ చేతులు పట్టుకుంది. నూట పదమూడు.

ఫోను మోగింది.

"ఏమైందమ్మాయ్?"

నూట పద్నాలుగు పడింది. నూట పదిహేను.

"ఇంకా బతికే ఉందండి."